తొమ్మిదో ఏటి పన్ను

ఆదివారం మధ్యాహ్నం అన్నాలు తిన్న పళ్లాలైనా తియ్యకముందే ఆయన మళ్లీ కాగితాలు పరిచాడు. ఆవిడకి తల ప్రాణం తోకకొచ్చింది. రెండేళ్లుగా ఇదే వరస. రిటైరయ్యాక ఏ ఊళ్లో ఉండాలన్నదానికి మామూలు మనుషులైతే నలుగురినీ అడిగి, ఓసారి వెళ్లి చూసి, సామాను సర్దుకుంటారు. ఈయన పదకొండు ఊళ్లకి పట్టీ గీశాడు. ఇంటి పన్ను ఎంత, ఇంటి బీమాకి ఎంత కట్టాలి, రెండూ ఏటేటా ఎంత పెరుగుతాయి, అంతే. గాలి ఎలా వీస్తుంది, పక్కింటివాళ్లు ఎలాంటివాళ్లు అన్నవాటికి ఆ పట్టీలో గడి లేదు.

ఆయన బీమా కంపెనీలో సర్వేయరు. ఇల్లు కాలినా, కూలినా, తడిసి నానినా వెళ్లి చూసి నష్టం ఎంతో తేల్చే ఉద్యోగం. తేల్చినదాంట్లోంచి ఇంటి వయసుకింత, పాత పగుళ్లకింత అని తరుగుదల తీసెయ్యడం కూడా ఆయన పనే. ముప్పై నాలుగేళ్లలో కోత పడకుండా ఆయన చేతిలోంచి ఒక్క కాగితం బయటికి పోలేదని ఆఫీసులో ‘తరుగుదలగారు’ అని పేరు పెట్టారు. ఆ సంగతి తెలిసి ఆయనకి కోపం రాలేదు సరికదా, లోపల్లోపల కాస్త గర్వపడ్డాడు.

ఆవిడది ఆసుపత్రి లాండ్రీ. నేల కింద గది, కిటికీ అన్నది లేదు. ముప్పై మూడేళ్లు ఆ ఆవిరిలో దుప్పట్లు ఉతికించి, మడతలు పెట్టించి, నిరుడే బయటపడింది. మోకాళ్లు అక్కడే వదిలేసి వచ్చానంటుంది. ఇప్పుడుంటున్నది ఆయన కంపెనీ క్వార్టరు. నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. పాలకని కిందికి దిగితే ఎక్కేటప్పుడు రెండుచోట్ల ఆగాలి. నెలాఖరుకి ఆయన రిటైరవుతాడు. ఆ పైన రెండు నెలల్లో ఖాళీ చెయ్యాలి.

పదకొండు ఊళ్లలో తొమ్మిది కొట్టేయగా రెండు మిగిలాయి. సముద్రం ఊళ్లో పన్ను పేరుకే గానీ, తుఫాన్ల భయంతో బీమా వాచిపోతుంది. కొండ ఊళ్లో బీమా చవక, పన్ను మాత్రం మోత.

పోయిన నెల సముద్రం ఊళ్లో ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు ఆవిడకి తల కొట్టేసినట్టయింది. ఇల్లు అమ్ముతున్న టీచరమ్మ టీ తెచ్చేలోపు ఈయన గోడని గోటితో గీకి, ఆ పొడి నాలిక మీద వేసుకున్నాడు. గోడలోకి ఉప్పు దిగిందో లేదో తెలుసుకునే పద్ధతట. టీచరమ్మ కప్పులు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. “ఫరవాలేదండీ, చప్పగానే ఉంది,” అన్నాడాయన నిదానంగా.

ఆ సిగ్గుకి తట్టుకోలేక ఆవిడ పెరట్లోకి తప్పుకుంది. అక్కడ తీగ మీద నాలుగు దుప్పట్లు ఆరేసి ఉన్నాయి. గాలికి ఒకటే ఎగురుతున్నాయి. ఉతికి గంటైనా అయ్యుండదు, అప్పుడే పెళపెళమంటున్నాయి. ఆవిడ అరగంట అక్కడే ఉండిపోయింది. ఈ ఇల్లు కావాలనుకుంది. పెళ్లయిన ముప్పై అయిదేళ్లలో ఏదైనా ఇంతగా కావాలనుకున్న గుర్తు లేదు. ఆ మాట ఇంటికొచ్చాక చెప్పింది కూడా. ఆయన విని, పట్టీలో చూద్దామన్నాడు.

టీచరమ్మ ఈ సాయంత్రం దాకా ఆగుతానంది. ఇంకెవరో కూడా అడుగుతున్నారట.

“కొండ ఊరే,” అన్నాడాయన పెన్నుకి మూత పెడుతూ. “మూడుసార్లు కూడి చూశాను. ఎటు తిప్పినా అదే తక్కువ పడుతోంది.”

“ఎంత తక్కువ?”

“మొత్తం మీద మూడు లక్షల చిల్లర.”

సరే మీ ఇష్టం అనెయ్యబోయింది. పోట్లాడే ఓపిక ఎప్పుడో అయిపోయింది. కొండ ఊరైతే ఏం, అక్కడా మనుషులుంటారు. కానీ తన ఇంటిని ఓడించిన అంకెలేమిటో ఒకసారైనా చూడాలనిపించి, కళ్లజోడు తెచ్చుకుని కాగితం తనవైపు తిప్పుకుంది. ఇన్నాళ్లలో ఆ పట్టీ ఆవిడ చదవడం అదే మొదటిసారి.

లాండ్రీలో వంద దుప్పట్ల కట్టలో ఒకటి తగ్గితే ఆవిడ చేతికే తెలిసిపోయేది. వేలు పెట్టి వరసలు చూసుకుంటూ దిగింది. కొండ ఊరి పన్ను ఏడాదికింత చొప్పున ఎనిమిదో ఏడు దాకా పెరుగుతూ వచ్చింది. తొమ్మిదో ఏడు ఉన్నట్టుండి సగమైంది. ఆ తర్వాతంతా సగమే.

“ఇదిగో, తప్పు చేశారు,” అంది. గొంతులో హుషారు దాచుకోలేకపోయింది. “తొమ్మిదో ఏడు చూడండి. సగమే వేశారు. ఇది సరిచేస్తే మీ మూడు లక్షలూ ఎగిరిపోతాయి.”

ఆయన కాగితం వంక చూడలేదు. “తప్పు కాదు.”

“మరి?”

“ఆ ఊళ్లో అరవై అయిదు దాటిన ఆడవాళ్లు ఒంటరిగా ఉంటే ఇంటి పన్ను సగమే కట్టించుకుంటారు.”

“ఒంటరిగా ఎవరుంటారు?”

ఆయన పెన్ను మూత తీశాడు, పెట్టాడు. ఆవిడకి అప్పుడర్థమైంది.

“డాక్టరేమైనా చెప్పాడా? నా దగ్గర దాచారా?”

“అబ్బే, అదేం లేదు. లెక్క వేశాను, అంతే.” ఆయన గొంతు ఆఫీసు గొంతైపోయింది. “నా వయసు మగవాళ్లకి సగటున ఇంకో పదహారేళ్లు. సిగరెట్లకి మూడు తీశాను. నాన్న గుండెజబ్బుతో పోయాడు, దానికి రెండు. బీపీకి రెండు. ఆ గోడౌను కప్పు మీంచి పడ్డానే, దానికొకటి. ఎనిమిది మిగిలింది.”

పాత ఇల్లు చూసొచ్చి రిపోర్టు రాసినట్టు రాసుకున్నాడు తన మీద. ఆవిడకి ముందు కోపమొచ్చింది, చెంప పగలగొట్టాలన్నంత. ఈ మనిషి రెండేళ్లుగా రోజూ ఈ బల్ల దగ్గర కూర్చుని చేస్తున్నది ఇదా? తను పిసినారితనమనుకుంది. చాదస్తమనుకుంది. చెల్లెలికి ఫోన్ చేసి నవ్వింది కూడా.

“కొండ ఇల్లయితే మెట్లు లేవు,” అన్నాడాయన. “ఎదురుగానే ఆసుపత్రి. బస్సు గేటు ముందే ఆగుతుంది. నీకు ఎవర్నీ అడగాల్సిన పనుండదు. సముద్రం దగ్గర పెంకు లేచిపోయిందనుకో, బీమావాళ్ల చుట్టూ నువ్వు తిరగలేవు. మావాళ్ల సంగతి నాకు తెలుసు, సగం కోసేస్తారు.”

“మరి నాకెంత తీశారు?”

“ఆఁ?”

“నాకు. తరుగుదల. ముప్పై మూడేళ్ల ఆవిరి. ఈ మోకాళ్లు. షుగరు. ఎన్నేళ్లు తీశారు?”

ఆయన కాగితాలన్నీ ఒకదాని మీద ఒకటి సర్దాడు. “మీ అమ్మగారు తొంభై ఒకటి దాకా ఉన్నారుగా. నీకూ అంతే వేశాను.”

“ఏమీ తియ్యలేదా?”

“తీద్దామనే కూర్చున్నాను,” అన్నాడు. “చెయ్యి రాలేదు.”

ఆవిడ కళ్లజోడు తీసి చీరకొంగుతో తుడిచింది. ఎంత తుడిచినా అద్దం మసగ్గానే కనిపించింది. పట్టీలో ఆవిడ పేర, తొంభై ఒకటి వచ్చేదాకా ఏడాదికొకటి చొప్పున, ముప్పై రెండు వరసలున్నాయి. తొమ్మిదో దాని నుంచి కిందికి ఇరవై నాలుగు వరసలు, ఎదురుగా ఆసుపత్రి, గేటు ముందు బస్సు, సగం పన్ను. పలకరించే దిక్కు మాత్రం లేదు. ఇంత జాగ్రత్తగా తనకి కట్టిపెట్టింది ఇదన్నమాట. ఇంత ప్రేమని ఏం చేసుకోవాలో ఆవిడకి తెలియలేదు. చాలా అలసటగా అనిపించింది.

“తొమ్మిదో ఏటి నుంచి నేను చూసుకుంటాను,” అంది చివరికి. “పెంకులు లేస్తే లేస్తాయి. ఆ ఎనిమిదేళ్లకి చెప్పండి. మీకెక్కడుండాలనుంది?”

ఆయన పెన్ను కింద పెట్టాడు. ఎన్నో ఇళ్లు చూశాడు గానీ, తనకి ఏ ఇల్లు కావాలో ఎవరూ అడగలేదు, తనని తానూ అడగలేదు. “ఆ టీచరమ్మ ఇంట్లో బాగా నిద్రపడుతుందనిపించింది,” అన్నాడు మెల్లగా, చెయ్యరాని పని ఒప్పుకుంటున్నవాడిలా.

ఆవిడ లేచి ఫోన్ అందుకుంది. “బీమా ఏటా పెరుగుతుంది సుమా,” అన్నాడాయన వెనక నుంచి. పెరగనీ అంది.

టీచరమ్మ సంతోషించింది. అడ్వాన్సు సంగతి, తాళాల సంగతి చెప్పింది. పెరటి గది కూడా శుభ్రం చేయించమంటారా, ఇంట్లో ఎంతమంది ఉంటారని అడిగింది.

ఆవిడ ఆయన వంక చూసింది. ఆయన తలవంచుకుని, ఖాళీగా ఉన్న కొత్త కాగితం మీద గీత గీయబోయి ఆగాడు.

“ఇద్దరం,” అంది ఆవిడ. “ఇద్దరం ఉంటామండీ.”