టెస్ట్ డ్రైవుకు పక్కసీటు

నేను డ్రైవింగ్ నేర్పుతాను. అంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా పక్కసీట్లో కూర్చుని, నా వైపున్న బ్రేకు మీద కాలు పెట్టుకుని, ఎవరో ఒకరి చేతిలో చావకుండా చూసుకోవడం నా వృత్తి. క్లచ్ ఠపీమని వదిలేసేవాళ్లు, అసలు వదలనివాళ్లు, కుడికి తిప్పమంటే తమ కుడిచెయ్యి ఏదో ముందు చూసుకునేవాళ్లు, అందరూ నాకే దొరుకుతారు. రోజంతా రెండో గేరులో పాకుతూ, కర్ర పట్టుకుని నడిచే తాతగారు కూడా మమ్మల్ని దాటి వెళ్లిపోతుంటే చూస్తూ బతికే మనిషి తన కోసం ఒక కారు కొనుక్కుంటే అది ఎలాంటిదై ఉంటుందో మీరే చెప్పండి. ఎర్రటిది. రెండే తలుపులది. యాక్సిలరేటరు నొక్కితే వీపు సీటుకి అతుక్కుపోయేది. ఏళ్ల తరబడి కూడబెట్టి కొన్నాను. పాఠాలు అయిపోయాక సాయంత్రం దాన్ని ఊరి బయట కొండెక్కే రోడ్డు మీదికి తీసుకెళ్లి ఒక చుట్టు తిప్పుకొస్తే తప్ప నాకు అన్నం సయించదు.

ఇంట్లో ఆ కారుకి ఒక అభిమాని, ఒక బాధితుడు ఉన్నారు. అభిమాని మా అత్తగారు. వెనకసీట్లోకి దూరడానికి ఆవిడకి నడుము సహకరించదు, అయినా దూరి తీరతారు. దూరాక "పోనీయ్ అమ్మాయ్, పోనీయ్" అంటారు. బాధితుడు మా ఆయన. మందుల షాపు ఆయనది. గొంతు పెంచరు, అడుగు పెంచరు, బస్సెక్కినా డ్రైవరు వెనక నిలబడి "మెల్లగా బాబూ" అంటారు. ఆయనకి డ్రైవింగ్ నేర్పుదామని ఒకప్పుడు ప్రయత్నించాను. కాపురం కూలేలా ఉందని ఇద్దరం మానుకున్నాం. ఎర్రకారులో కూర్చున్నారంటే సీటుబెల్టుని రెండు చేతులా పట్టుకుని కళ్లు గట్టిగా మూసుకుంటారు.

అలాంటి కారుకి జబ్బు చేసింది. కొండెక్కేటప్పుడు మూడో గేరులో కాలు అడుగంటా నొక్కితే, సరిగ్గా బలం కావలసిన చోట గుటుక్కుమని చప్పబడిపోతుంది. కాసేపటికి ఏమీ ఎరగనట్టు మళ్లీ లాగుతుంది. మొదటిసారి అలా అయినప్పుడు నేను ఒక లారీని దాటుతున్నాను. ఎదురుగా ఇంకో లారీ. ఎలాగో వెనక్కి తగ్గి మా వరసలోకి వచ్చి పడ్డాను. పక్కన మా ఆయన. ఏం ఖర్మో, సరిగ్గా అప్పుడే కళ్లు తెరిచారట.

ఆ రోజు ఇంటికొచ్చి మంచినీళ్లు తాగి, ఆయన అన్నది ఇంతే. "వారంటీ అయిపోయేలోపు బాగుచేయిస్తే సరే. లేదంటే అమ్మేద్దాం." ఆయన అన్నదీ నిజమే. దారి మధ్యలో చెయ్యిచ్చే బండిని పెట్టుకుని ఊరేగడం తప్పని నా శిష్యులకి నేనే చెబుతాను. వారంటీ ఈ నెలాఖరుతో సరి, ఆ తర్వాత ఆ ఇంజను విప్పించే స్తోమత మాకు లేదు. కళ్లజోళ్ల షాపాయన ఆ కారు మీద ఎప్పటినుంచో కన్నేసి ఉన్నాడు. రిపేరు సంగతి తనే చూసుకుంటానని, ఆదివారం వస్తానని మా ఆయనతో మాట కూడా అయిపోయింది. అంటే, నా కారు నాకు ఉంటుందా పోతుందా అన్నది షోరూం వాళ్ల చేతిలో పడిందన్నమాట.

వాళ్ల సంగతి ఏం చెప్పమంటారు. అక్కడ సర్వీసు సలహాదారు ఒకతను ఉన్నాడు. ఏం చెప్పినా నవ్వుతాడు. ఆ నవ్వుకే జీతమిస్తున్నారేమో అని నా అనుమానం. మనసులో అతనికి నవ్వులబాబు అని పేరు పెట్టేశాను.

"కంప్యూటర్ పెట్టి చూశాం మేడమ్. లోపం చూపించే కోడ్ ఏదీ రాలేదు," అన్నాడు.

"అది మీ కంప్యూటర్‌కి చెప్పి ఆగదు. కొండెక్కుతుంటే ఆగుతుంది."

"కోడ్ లేకపోతే వారంటీ వాళ్లు ఒప్పుకోరు కదా మేడమ్. కానీ ఏసీ ఫిల్టర్ మార్చాం, వైపర్లు మార్చాం, లోపలంతా మంచి సెంటు కొట్టించాం."

గుండెనొప్పని ఆస్పత్రికి వెళితే గోళ్లు కత్తిరించి పంపినట్టుంది. నాకు ఒళ్లు మండిపోయింది. కారు కొన్న రోజున అదనపు వారంటీ అంటగట్టింది కూడా ఇతనే. "ఇక మీరు గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోవచ్చు మేడమ్" అన్నాడు. ఇప్పుడు ఆ పుస్తకం తెరిస్తే అరిగేవి రావు, రబ్బరువి రావు, గాజువి రావు, వేగంగా నడపడం వల్ల చెడినవి రావు. వేగంగా వెళ్లడానికే చేసిన కారుకి ఆ ముక్క రాసిన మహానుభావుడు ఎవరో ఒకసారి చూడాలని ఉంది. అన్నీ తీసేస్తే మిగిలింది హారన్ ఒక్కటే అనిపించింది.

"సరే, టెస్ట్ డ్రైవుకు వెళ్దాం. నేను నడుపుతా, మీవాణ్ని పక్కన కూర్చోబెట్టండి," అన్నాను.

"మా మనిషే నడపాలి మేడమ్, అది రూలు. కారు ఎవరి పేరు మీద ఉందో వాళ్లు పక్కన కూర్చుని, ఇదే నేను చెప్పిన లోపం అని సాక్ష్యం చెప్పాలి. అదీ రూలే."

అలాగే కానిమ్మన్నాను. వాళ్ల మెకానిక్ వచ్చాడు. తాటిచెట్టంత పొడుగు మనిషి. నన్ను చూడగానే చేతులు తుడుచుకుని, "గుర్తున్నానా మేడమ్? మీ దగ్గరే నేర్చుకున్నాను," అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. మనవాడే కదా, పని అయిపోయినట్టే అనుకున్నాను. ఆ రోజు షికారుకని నాతో వచ్చిన మా అత్తగారు వెనకసీట్లో సర్దుకున్నారు. కారుకి లాప్‌టాప్ తగిలించి కొండరోడ్డుకి వెళ్లాం. అతను రెండు చేతులూ స్టీరింగ్ మీద, చూపు రోడ్డు మీద, ఎంత బుద్ధిగా నడిపాడో. ఎంత బుద్ధిగా అంటే, కొండ ఎక్కాం, దిగాం, మళ్లీ ఎక్కాం, ఆ కారు ఒక్కసారి కూడా మొరాయించలేదు. నేను తొక్కమని చెబుతూనే ఉన్నాను. ఏం లాభం.

"లోపమేమీ కనబడలేదు మేడమ్," అన్నాడు నవ్వులబాబు, మేం షోరూంకి తిరిగి రాగానే, నవ్వుతూ. నేను ఒంటికాలి మీద లేచాను. అరిచాను కూడా. అక్కడ తన కారు కోసం కూర్చుని ఉన్న పెద్దమనిషి ఒకాయన తన కాఫీ కప్పు తీసుకుని ఇంకో సోఫాలోకి మారిపోయాడు. నేను మొత్తుకున్నదంతా గోడకి చెప్పుకున్నట్టే అయింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర షోరూం వాళ్లని ఏడు తరాల దాకా దులిపేశాను. మా ఆయన తలొంచుకుని తింటున్నారు. అత్తగారు అంతా విని, మజ్జిగ పోసుకుంటూ అడిగారు.

"అమ్మాయ్, ఆ అబ్బాయిని నువ్వు తొక్కనిచ్చావా?"

"అదేంటత్తయ్యా, తొక్కు తొక్కు అని నోరు నొప్పెట్టేలా చెబితేనూ."

"తొక్కమన్నది ఒక్కసారి. ఆ తర్వాతంతా అద్దం చూడు, ముందు సైకిలుంది, మెల్లగా, మెల్లగా. వెనక కూర్చుని విన్నదాన్ని నేను. నీ కాలు చూసుకున్నావా? లేని బ్రేకుని తొక్కి తొక్కి కింద పరిచిన పట్టా ముడతలు పడిపోయింది. నువ్వు తొక్కినప్పుడల్లా ఆ అబ్బాయి కాలు తీసేస్తున్నాడు."

అబద్ధమని దబాయిద్దామనుకున్నాను గానీ, అప్పుడు కూడా బల్ల కింద నా కుడికాలు నేలని నొక్కుతూనే ఉంది.

"ఈ ఊళ్లో బండి నడిపేవాళ్లలో సగంమంది నీ శిష్యులే. నువ్వు పక్కనుండగా ఎవడు తొక్కుతాడే?" అన్నారు అత్తగారు. "పోనీ నేను కూర్చుంటా. తొక్కరా నాయనా అని చెప్పి మరీ తొక్కిస్తా."

"కారు మీ పేరు మీద లేదు కదత్తయ్యా. నా పేరు, ఆయన పేరు."

మా ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి తువ్వాలుతో తుడుచుకుంటూ, "శనివారం ఇంకోసారి టెస్ట్ డ్రైవు పెట్టించు, నేను వెళ్తానులే," అన్నారు. మందుల షాపుకి వెళ్తానన్నంత మామూలుగా అన్నారు.

నిజం చెప్పొద్దూ, నాకు ఆ మాట నచ్చలేదు. ఈ మనిషికి ఆ కారంటే గిట్టదు. పైగా కొనేవాడు ఆదివారమే వస్తున్నాడు. కళ్లు మూసుకుని బెల్టు పట్టుకుని ఊరికే కూర్చుంటే చాలు, తిరిగొచ్చి "ఏమీ కనబడలేదోయ్" అంటే చాలు. అబద్ధం కూడా ఆడక్కర్లేదు. అయినా వేరే దారి ఏదీ తోచలేదు. శుక్రవారమంతా ఆయనకి పాఠం చెప్పాను. ఎక్కడ తొక్కించాలి, ఏ గేరులో, మీటరులో ముల్లు ఎంతదాకా వెళ్లాలి. ఆయన మాత్రలు లెక్కపెడుతూ ఊఁ కొట్టారు.

శనివారం షోరూం అద్దాల గదిలో కూర్చున్నాను. పొడుగు మెకానిక్ పక్కన మా ఆయన బెల్టు పెట్టుకుని, ఒకసారి ఊడిరాదు కదా అని లాగి చూసుకుని, మళ్లీ లాగి చూసుకుని వెళ్లారు. గోడమీద టీవీలో కొత్తకారు ప్రకటన శబ్దం లేకుండా తిరుగుతోంది. కాఫీ మిషను దగ్గరికి వెళ్లి కాఫీ పోసుకున్నాను, తాగలేదు. ఆయన "మెల్లగా బాబూ" అన్నారంటే నా కారు పోయినట్టే. అనకుండా ఎలా ఉంటారు? ఎన్నేళ్లుగా చూస్తున్నాను, మెల్లగా అనకుండా ఆయన ఒక్క ప్రయాణం చెయ్యలేదు. వెళ్లినవాళ్లు ఎంతకీ రాలేదు. దానితో కారు సంగతి మరిచిపోయి ఆయన గురించి బెంగ మొదలైంది. బి.పి. ఉన్న మనిషిని పట్టుకుని కొండమీదికి తోలానే అని నన్ను నేను తిట్టుకున్నాను.

చివరికి నా కారు ఎర్రగా గేటులోంచి లోపలికి వచ్చింది. ముందు మెకానిక్ దిగాడు. ముఖం పాలిపోయి ఉంది. తిన్నగా నవ్వులబాబు బల్ల దగ్గరికి వెళ్లి లాప్‌టాప్ తిప్పి చూపించాడు.

"దొరికింది సార్. పెట్రోలు పంపు. బలంగా లాగినప్పుడు ప్రెషర్ పడిపోతోంది. ఇదిగో, మొత్తం రికార్డయింది."

"ఒకసారి తొక్కగానే దొరికిందా?" అన్నాను, ఆగలేక.

"లేదు మేడమ్. ముందు ఏమీ రాలేదు, ఇక వెనక్కెళ్దామన్నాను. సారు ఒప్పుకోలేదు. మళ్లీ కిందనుంచి ఎక్కు, ఇది చాలదు, ఇంకా తొక్కు అన్నారు. అడుగంటా తొక్కించారు. చివరికి నేనే మెల్లగా వెళ్దాం సార్ అని బతిమాలుకున్నాను."

నవ్వులబాబు వారంటీ పుస్తకం ముందుకీ వెనక్కీ తిరగేశాడు. వెతకాల్సింది ఎంత వెతికినా దొరకనట్టుంది. "పంపు వారంటీలోనే ఉంది మేడమ్," అన్నాడు ఆఖరికి. మొదటిసారి నవ్వకుండా అన్నాడు.

నేను కారు దగ్గరికి పరుగెత్తాను. మా ఆయన ఇంకా సీట్లోనే ఉన్నారు. బెల్టు విప్పుకుందామంటే వేళ్లు మాట వినడం లేదు. చొక్కా మొత్తం తడిసిపోయింది. నేనే వంగి బెల్టు విప్పాను.

"కళ్లు మూసుకోలేదా?" అన్నాను.

"మూసుకుంటే ముల్లు కనబడదుగా."

"ఊరుకుని ఉంటే రేపటితో మీకు ఈ పీడ వదిలేది కదండీ."

"వదిలేది," అన్నారు. నేనిచ్చిన మంచినీళ్లు సగం తాగి, సగం ఒలకబోసుకుని, కాసేపు ఊపిరి పీల్చుకున్నారు. "కొండెక్కి వచ్చిన రోజు తలుపు తీస్తే ఎదురుగా నా పెళ్లాం ఉంటుంది. మిగతా రోజుల్లో డ్రైవింగ్ టీచర్ ఉంటుంది. కారుకి భయపడతాను సరే, నాకు ఆ టీచరంటే ఇంకా భయం."

నాకు నవ్వొచ్చింది, దానితోపాటే ఏడుపూ వచ్చింది. పని చేసుకుంటున్న మెకానిక్కులంతా చూస్తుండగా ఆ తడిచొక్కా మీదే తల ఆనించి ఏడ్చేశాను. ఆయన ఒక చేత్తో నా వీపు నిమురుతూ, ఇంకో చేత్తో ఫోను తీసి కళ్లజోళ్ల షాపాయనకి చేశారు. "రేపు రావద్దండీ. మా ఆవిడ కారు అమ్మడం లేదు," అన్నారు.

పంపు వచ్చేదాకా బండి అక్కడే ఉండాలట. ఇంటిదాకా దింపిస్తామని, వేరే కారు సిద్ధంగా ఉందని నవ్వులబాబు అన్నాడు. మా ఆయన వద్దన్నారు, ఈ రోజుకి కార్లు చాలన్నారు. ఇద్దరం నడుచుకుంటూ బయల్దేరాం. దారంతా ఆయన నా చెయ్యి వదల్లేదు.