ఇంగువ డబ్బాలో కాసులు

మా అక్క గంగాలమ్మకి మనుషుల మీదకన్నా బంగారం మీద నమ్మకమెక్కువ. వాళ్లత్తగారు పోతూ పోతూ చేతిలో పెట్టిన అయిదు కాసులుండేవి. మెడలో వేసుకోలేదు, అమ్ముకోలేదు, ఊరికే చూసుకునేది.

కొడుకు నీలకంఠానికి స్టీల్‌ప్లాంటులో ఉద్యోగమొచ్చాక భీమిలి నుంచి ఉక్కునగరం క్వార్టర్‌కి మారారు. తొంభై ఏడో సంవత్సరమో ఏమో, ఆ క్వార్టర్ల వరసలోనే రెండిళ్లలో దొంగలు పడి బీరువాలు పగలగొట్టారు. అక్క హడలిపోయింది. కోడలు చంద్రికని పిలిచి, "దొంగెదవ ముక్కు మూసుకునే సోట దాసవే" అంది. ఆ పిల్ల నవ్వుకుంటూ కాసులకి పల్చటి గుడ్డ చుట్టి ఇంగువ డబ్బాలో, ముద్ద ఇంగువ కింద పెట్టింది. బియ్యపు డబ్బాలో, చింతపండు కుండలో బంగారం దాచే ఆడవాళ్లమే కదా మనం, ఎవరికీ తప్పనిపించలేదు.

రెండు వానాకాలాలు గడిచాయి. అక్కకి కడుపులో కేన్సరని తేలింది. ఇంటికి తీసుకుపొమ్మన్నారు డాక్టర్లు. తోడుంటానని నేనూ వెళ్లాను. మంచంలో ఉండి ఒకరోజు కాసులు తెమ్మంది. గుడ్డ విప్పితే అయిదూ ఎర్రబారి ఉన్నాయి, అంచుల వెంట నల్లటి మచ్చలు.

"ఏటే ఇయి?" అంది అక్క.

"నీ కాసులే అత్తా."

"నాయి పసుప్పచ్చగుంటాయి. ఎక్కడమ్మేసినావే? మీ అమ్మోలింటికి సేరిపోనాయా?"

"నాను ముట్టుకోలేదత్తా! ఇంగువలో దాసిన కాడినుండి గుడ్డ ముడైనా ఇప్పలేదు. కావలిత్తే సిన్నత్తనడుగు, తన కళ్లముందే డబ్బాలోంచి తీసినాను" అని నావైపు చూసింది.

నేను చెప్పినా వినలేదు. అన్నం పెట్టేదీ, పక్కబట్టలు మార్చేదీ, ఒళ్లు తుడిచేదీ చంద్రికే. ఆ చేతుల్నే దొంగ చేతులంది అక్క. "నాను తీయలేదని అత్త ఒక్కమాట అని పోతే సాలు సిన్నత్తా" అని నాతో ఏడ్చేది ఆ పిల్ల. దానికింకేమీ అక్కర్లేదు.

నీలకంఠం భీమిలి వెళ్లి కంసాలి అప్పలసూరిని తీసుకొచ్చాడు. అతను కాసుని గీటురాయి మీద గీసి, ద్రావకం చుక్క వేసి చూసి తలూపాడు.

"బంగారమేనమ్మా. మేలిమైతే రంగు మారదు గానీ మెత్తన, వంగిపోద్ది. గట్టితనానికి రాగీ ఎండీ కలుపుతారు. ఇంగువ ఘాటులో గంధకముంటాది. అది బంగారాన్నేటీ సెయ్యలేదు, రాగినీ ఎండినీ పట్టేస్తాది. ఈ మచ్చలు అయ్యే."

నమ్మకం కుదరాలని తనే చింతపండు రసంలో నానబెట్టి, కుంకుడు నురగతో తోమి అక్క చేతిలో పోశాడు. కాసులు ధగధగలాడాయి. చంద్రిక ముఖం కూడా.

అక్క వాటిని కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూసింది. "నిన్న సేయించినట్టున్నాయి. మా అత్త కాసులకింత మెరుపేటి? నల్లయి సూపెట్టి దొరికిపోయి, ఇప్పుడు కొత్తయి తెచ్చినారేటి? ఈ కంసాలికీ నీకూ సుట్టరికమేటే?"

అప్పలసూరి సంచీ సర్దుకుని, పెట్టిన టీ తాగకుండా వెళ్లిపోయాడు.

ఆ తర్వాత అక్క వారమైనా బతకలేదు. ఆఖరి రోజు మధ్యాహ్నం ఊపిరి ఎగపోస్తుంటే చంద్రిక తులసినీళ్లు తెచ్చి చెంచాతో నోటి దగ్గర పెట్టింది. అక్క పెదాలు బిగించేసింది. నీళ్లు చెంప మీదుగా తలగడలోకి కారిపోయాయి. "అత్తా, ఒక్క సుక్క" అంది పిల్ల. అక్క మొహం గోడవైపు తిప్పుకుంది. చెంచా నేను అందుకుంటే తాగింది. ఆ గుక్కే ఆఖరు.

దినకార్యాలయ్యాక చుట్టాలు వెళ్లిపోయారు. కాసులు బీరువాలో పెడుతూ నీలకంఠం ఆగాడు. కంసాలిని తెచ్చినవాడే, పెళ్లాం తరఫున తల్లితో పోట్లాడినవాడే.

"సంద్రీ, అమ్మ ఎలాగూ పోయింది. నానేటీ అనను. నిజం సెప్పు, మార్సినావేటి?"

చంద్రిక నావైపు చూసింది, మొగుడివైపు చూసింది. ఏడుస్తుందనుకున్నాను. లేచి వంటింట్లోకెళ్లి బియ్యం కడగడం మొదలుపెట్టింది.

ఈరోజుకీ ఆ ఇంట్లో వేళకి అన్నం ఉడుకుతుంది, వేళకి కేరేజీ సిద్ధమవుతుంది. ఆ ప్రశ్నకి మాత్రం చంద్రిక జవాబు చెప్పలేదు. వాడూ మళ్లీ అడగలేదు.