పన్ను కాగితంలో కూతురు

“మామ్మా, లోపల నువ్వేమీ మాట్లాడొద్దు. పక్కన కూర్చో, చాలు” అని కారు దిగేముందు దెబోరా మళ్ళీ చెప్పింది.

“నేనెందుకు మాట్లాడతానే? నాకేం ఇంగ్లీషు వచ్చు గనక?” అన్నాను.

“కొంప ముంచడానికి ఆ వచ్చినంత చాలు మామ్మగారూ” అని స్టీరింగ్ దగ్గర వసుమతి నవ్వింది.

వసుమతి పిల్లలిద్దరినీ పగలు నేనే చూసుకుంటాను. శాంటా క్లారాలో కారు లేకపోతే వీధి మలుపు దాటడం కూడా కష్టం. అందుకని ఆ రోజు ఆఫీసుకి సెలవు పెట్టి మూడు గంటలు డ్రైవ్ చేసి మమ్మల్ని కాలేజీకి తీసుకొచ్చింది.

అది 1984 మార్చి. నా మనవరాలు దెబోరాకి ఇరవై ఏళ్ళు. రెండేళ్ళు మా దగ్గరి చిన్న కాలేజీలో చదువుతూ, సాయంత్రాలు గుడ్డల దుకాణంలో తానులు కొలిచి కత్తిరించే పని చేసింది. ఇప్పుడు దక్షిణాన ఉన్న ఈ పెద్ద కాలేజీలో, చెవులు వినిపించని పిల్లలకు చదువు చెప్పే కోర్సులో సీటొచ్చింది. దాని జీతం ఇక్కడి ఫీజుకి ఏ మూలకూ చాలదు. ఎయిడ్, అంటే చదువుకిచ్చే సాయం డబ్బు, వస్తే చదువు, లేకపోతే కత్తెర.

ఎయిడ్ ఇవ్వడానికి వీళ్ళు తల్లిదండ్రుల సంపాదన చూస్తారు. దెబోరా తల్లి లూసీ చనిపోయి నాలుగేళ్ళయింది. తండ్రి, అంటే నా కొడుకు సుందర్ రాజ్, డల్లాస్‌లో ఇంజినీరు. అతని జీతం లెక్కలోకి తీసుకుంటే దెబోరాకి ఏమీ రాదు. ఆ జీతంలోంచి దెబోరాకి వచ్చేదీ ఏమీ లేదు.

రెండేళ్ళ కిందట కంపెనీ అతన్ని డల్లాస్‌కి మార్చినప్పుడు, “నాతో వచ్చి కంప్యూటర్స్ చదువు, ఖర్చంతా నాది. ఆ చేతి సైగలు నేర్చుకుంటానంటే మాత్రం నన్నేమీ అడగొద్దు” అన్నాడు. దెబోరా రానంది. సామాన్ల లారీ వెళ్ళిపోయాక ఖాళీ ఇంట్లో, కార్పెట్ మీద సోఫా కాళ్ళ గుంటల పక్కన, అదొక్కతే కూర్చుని ఉంది. ఆ సాయంత్రం నేనూ డల్లాస్ విమానం ఎక్కాలి. ఎక్కలేదు. బాపట్ల స్టేషన్లో మా ఆయన్ని ఆసుపత్రికి పంపుతూ, రైలు కనుమరుగయ్యేదాకా చెయ్యి ఊపాను. ఆయన తిరిగి రాలేదు. లూసీని ఆపరేషన్‌కి తీసుకెళుతుంటే తలుపు మూసేదాకా చెయ్యి ఊపాను. ఆ తర్వాత నేనెవరికీ చెయ్యి ఊపడం లేదు. ఆ పిల్లకు ఊపి పోవడం నా వల్ల కాలేదు. అప్పటినుంచి ఇద్దరం ఒక చిన్న అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం.

దెబోరాకి ఒక దారి ఉందని వసుమతి కనుక్కుంది. తండ్రితో కలిసి ఉండకూడదు. తండ్రి దగ్గర డబ్బు తీసుకోకూడదు. తండ్రి తన పన్ను కాగితంలో ఈ పిల్లను తన మీద ఆధారపడినదిగా చూపించుకోకూడదు. ఈ మూడూ నిజమైతే దాన్ని ఇండిపెండెంట్ స్టూడెంట్ అంటారు. అప్పుడు దాని జీతం ఒక్కటే చూస్తారు. మాకు మూడూ నిజమేననుకున్నాం.

ఎయిడ్ ఆఫీసులో మిసెస్ హాలొరన్ అనే ఆమె మా ఎదుట కూర్చుంది. కళ్ళజోడుకి గొలుసు కట్టుకుంది. నెమ్మదిగా, మర్యాదగా అడిగింది.

“మీ నాన్నతో కలిసి ఉంటున్నావా?”

“లేదు. మా మామ్మతో ఉంటున్నాను.”

“ఆయన డబ్బు పంపిస్తారా?”

“లేదు.”

ఆమె కలం ఆగింది. “అసలేమీ పంపరా? పుట్టినరోజుకి కూడా?”

దెబోరా తల అడ్డంగా ఊపింది. అప్పుడామె నా వైపు చూసింది.

ఆ చూపు నాకు తెలుసు. పెళ్ళయిన పిల్ల పెట్టెతో పుట్టింటికి వచ్చేస్తే వీధిలోవాళ్ళు చూసే చూపు అది. నేను కని పెంచినవాణ్ణి, కన్నకూతుర్ని గాలికి వదిలేసినవాడని ఒక పరాయి మనిషి కాగితం మీద రాయబోతోంది. నా నోరు ఆగలేదు.

“మై సన్ గుడ్ మ్యాన్” అన్నాను. “బిగ్ ఇంజినీర్. హీ గివ్ ఎవ్రీథింగ్. ఫీజు, డ్రెస్, ఆల్.”

దెబోరా కళ్ళు మూసుకుంది. మిసెస్ హాలొరన్ రాసుకుంది. రాసుకున్నాక, మా ఇద్దరి మాటలూ కలవడం లేదనీ, ఏప్రిల్ నెలాఖరులోగా తండ్రి పన్ను కాగితం నకలూ, తాను ఏమీ ఇవ్వడం లేదని ఆయన సంతకంతో ఒక ఉత్తరమూ తెస్తే అప్పుడు చూస్తాననీ చెప్పింది.

కారులో కూర్చోగానే దెబోరా పేలింది. “ఎవ్రీథింగ్! ఏమిచ్చాడు మామ్మా? ఆ ఎవ్రీథింగ్‌లో నాకు ఒక పెన్ అన్నా వచ్చిందా?”

“బయటివాళ్ళ ముందు ఇంట్లో సంగతి ఎలా చెబుతామే? వాడి పరువేం కావాలి?”

“పరువు నా ఫీజు పే చేస్తుందా?”

“మామ్మగారూ, మీరు లాయర్ అవ్వాల్సిన మనిషి” అంది వసుమతి అద్దంలో నన్ను చూస్తూ. “కాకపోతే ఏ పార్టీ తరఫున మాట్లాడుతున్నారో చూసుకోవాలి.”

దారంతా దెబోరా కిటికీ వైపు తిరిగే కూర్చుంది. నేను చెడగొట్టింది నేనే బాగుచెయ్యాలి అనుకున్నాను.

ఆదివారం ప్రార్థన నుంచి రాగానే డల్లాస్‌కి ఫోన్ చేశాను. దెబోరా సింక్ దగ్గర కొళాయి తిప్పి, వినడం లేదన్నట్టు గిన్నెలు కడుగుతోంది.

“అమ్మా, బీపీ మాత్రలు వేసుకుంటున్నావా?” అన్నాడు సుందర్. ఎప్పుడూ అదే మొదటి మాట. దెబోరా గురించి అడగడు.

“వేసుకుంటున్నాను. నీ పన్ను కాగితం నకలొకటి కావాలి నాయనా. పోయిన ఏడాదిది. దెబోరా కాలేజీకి.”

“అది పంపించి లాభం లేదమ్మా. ఫిబ్రవరిలోనే ఫైల్ చేసేశాను. అందులో దాని పేరుంది.”

“పేరుండటమేమిటి?”

“డిపెండెంట్ అని. దెబోరా, డాటర్ అని. ఎప్పుడూ రాసినట్టే రాశాను.”

నాకు ఒళ్ళు మండింది. “ఒక్క రూపాయి ఇవ్వకుండా, పన్ను తగ్గుతుందని దాని పేరు వాడుకున్నావా?”

“ఛ! ఆ కాస్త డబ్బుకోసమా?” అతని గొంతు మారింది. “లూసీ పోయిన మరుసటేడు దాని పేరు కొట్టేసి రాశానమ్మా. ఆ కాగితం ముందు ఎంతసేపు కూర్చున్నానో నీకు తెలీదు. ఇప్పుడు పిల్ల పేరు కూడా తీసేస్తే ఇంక ఆ కాగితంలో నేనొక్కణ్ణే. మాట్లాడదు, ఫోన్ చెయ్యదు. అయినా ఏడాదికోసారి దాని పేరు రాసుకుంటాను. అదొక్కటే ఉంది నాకు.”

ఉంచుకోరా, పోనీ, అనబోయాను. మాట పెదవిదాకా వచ్చింది. ఒక పేరు కొట్టేయడమంటే ఏమిటో నాకంటే ఎవరికి తెలుసు?

సింక్ దగ్గర కొళాయి ఆగింది. దెబోరా ఇటు తిరగలేదు. తడి చేతులు రెండూ గట్టు మీద పెట్టి నిలబడింది.

“సుందరూ, కాగితంలో ఉంచుకుని నోట్లోంచి తీసేశావు” అన్నాను. “తిరగెయ్. అక్కడ తీసెయ్యి, నోటితో పిలువు.”

“అంటే కూతురికి నేనేమీ ఇవ్వలేదని నా చేత్తో నేనే రాసివ్వాలా?”

“ఇవ్వలేదుగా.”

“అది అడగలేదుగా!”

“నువ్వు అడగొద్దన్నావుగా!”

“అమ్మా, చర్చిలో మనవాళ్ళకి తెలిస్తే ఏమనుకుంటారు?”

“మొన్న నీ పరువు నేను కాపాడాను. ఆఫీసులో నువ్వే అన్నీ ఇస్తున్నావని చెప్పాను. దాంతో పిల్ల చదువు పోయేలా ఉంది. ఇంక కాపాడను. తప్పు దిద్దుకుంటూ మళ్ళీ పంపే కాగితం వేరే ఉంటుందట, వసుమతి చెప్పింది. అది పంపి, నకలు మాకు పంపు.”

“చూస్తాను” అని పెట్టేశాడు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఫోన్ చేశాను. బీపీ మాత్రల సంగతి అతను ఎత్తకముందే “రాశావా?” అని అడిగేదాన్ని. ఒకసారి ఆఫీసులో పని ఎక్కువన్నాడు. ఒకసారి ఆ ఫారం దొరకలేదన్నాడు. ఒకసారి అసలు ఎత్తలేదు. ఆ రోజు ఫోన్ మోగినంతసేపు మోగనిచ్చాను.

“వదిలెయ్ మామ్మా” అంది దెబోరా. “నెక్స్ట్ ఇయర్ మళ్ళీ అప్లై చేస్తా.”

“నా వయసులో వచ్చే ఏడాది అని ఒకటి ఉండదే. ఇటివ్వు ఫోను.”

“నువ్వు చాలా మొండి.”

“నీకెక్కణ్ణుంచి వచ్చిందనుకున్నావు?”

ఒక పక్క ఇది చేస్తూనే ఇంకో పక్క నా పని నేను మొదలుపెట్టాను. నేను బడికి పోలేదు. కీర్తనల పుస్తకంలో పాటలు ముందే నోటికి వచ్చు కాబట్టి, పాడుతూ వేలితో చూపించుకుంటూ ఏ అక్షరం ఏదో పట్టుకున్నాను. ఇంగ్లీషు కూడా పాల డబ్బాల మీదా మందు సీసాల మీదా అలాగే పట్టుకున్నాను. ఇప్పుడు మూడు ఇంగ్లీషు వాక్యాలు దెబోరా చేత పెద్ద అక్షరాలతో రాయించి, పొయ్యి పైన గోడకి అంటించాను. అన్నం వార్చినప్పుడల్లా పైకి చదివాను. మూడో వాక్యం దగ్గర ప్రతిసారీ ఆగిపోయేదాన్ని. మొదటినుంచి మళ్ళీ చదివేదాన్ని.

ఏప్రిల్ చివరి వారంలో డల్లాస్ నుంచి కవరు వచ్చింది. దిద్దిన పన్ను కాగితం నకలు. దాంతోపాటు టైపు చేసిన ఉత్తరం. తన కూతురు 1982 ఆగస్టు నుంచి తనతో లేదనీ, అప్పటినుంచి తాను ఏమీ ఇవ్వలేదనీ అందులో ఉంది. సంతకం దగ్గర కలం గట్టిగా నొక్కినట్టుంది, వెనకవైపు తడిమితే చేతికి తగిలింది. దెబోరా కాగితమంతా వెతికింది. తన పేరు ఎక్కడ తీసేశారో చూసి, చాలాసేపు అక్కడే చూస్తూ ఉండిపోయింది.

“నిజంగా తీసేశాడు” అంది.

“నేనే తీయించాను. ఏడవాలంటే నా మీద ఏడు.”

“ఏడవట్లేదు” అంది ముక్కు తుడుచుకుంటూ.

గడువు ముగిసే రోజున వసుమతి మళ్ళీ సెలవు పెట్టింది. మిసెస్ హాలొరన్ కాగితాలు రెండూ చదివింది. తర్వాత ఫైల్లోంచి తాను ముందు రాసుకున్న కాగితం తీసి పక్కన పెట్టుకుంది.

“ఇవి సరిగ్గానే ఉన్నాయి. కానీ తండ్రే అన్నీ ఇస్తున్నాడని అప్పుడు మీ మామ్మగారు చెప్పారు. ఏది నమ్మమంటారు?”

దెబోరా నోరు తెరిచింది. నేను దాని మణికట్టు పట్టుకుని ఆపాను. గోడ మీది మూడు వాక్యాలూ కళ్ళముందుకు తెచ్చుకున్నాను.

“ఐ టోల్డ్ రాంగ్” అన్నాను. “దిస్ గర్ల్ వర్క్స్ అండ్ పేస్.” ఊపిరి తీసుకున్నాను. “మై సన్ గివ్స్ నథింగ్.”

ఆ మాట ఆ గదిలో అందరికీ వినబడింది. గుమస్తా ఒకతను తలెత్తి చూశాడు. చూడనీ అనుకున్నాను.

“మరి అప్పుడెందుకలా చెప్పారు?” అని అడిగింది ఆమె. కోపం లేదు, తెలుసుకోవాలని అడిగింది.

గోడ మీద దానికి జవాబు లేదు.

“హీ ఈజ్ మై సన్” అన్నాను.

ఆమె కళ్ళజోడు తీసింది. గొలుసుకి అది గుండెల మీద వేలాడింది. ఇంకేమీ అడగలేదు. పాత కాగితం మీద అడ్డంగా ఒక గీత గీసి, కింద ఏదో రాసి, నా వైపు తిప్పి నా సంతకం అడిగింది. నేను కూడబలుక్కుని కరుణమ్మ అని తెలుగులో రాశాను.

జూన్‌లో కాలేజీ నుంచి ఉత్తరం వచ్చింది. దెబోరా ఇండిపెండెంటే. వచ్చే ఎయిడ్ ఫీజుకీ హాస్టల్‌కీ సరిపోతుంది, దుకాణంలో వేసవంతా పనిచేస్తే పుస్తకాలకీ సరిపోతుంది. వసుమతి పిల్లలు సోఫా మీద గెంతారు. నేనూ నవ్వాను. హాస్టల్ అన్న మాట మాత్రం నాకు ఆ రోజే సరిగ్గా వినిపించింది. ఆగస్టులో అది వెళ్ళిపోతుంది. ఇన్ని ఆదివారాలు నేను పట్టుబట్టింది దాన్ని సాగనంపడానికే. వసుమతి తన ఇంటి వెనక గది నాకిస్తానంది.

ఆ ఆదివారం ఫోన్ నేను చెయ్యలేదు. అదే మోగింది.

“అమ్మా, మాత్రలు...” అని మొదలుపెట్టి సుందర్ ఆగిపోయాడు. “అది ఇంట్లో ఉందా?”

“పేరు పెట్టి అడుగు.”

ఎంతసేపటికో, “దెబోరా ఉందా?” అన్నాడు.

రిసీవర్ దాని వైపు చాపాను. దానికి రెండు చేతులూ సబ్బు. చేతులకేసి చూసుకుంది, నాకేసి చూసింది, గౌనుకి తుడుచుకుని అందుకుంది.

“హలో.” కాసేపు విన్నది. “ఆఁ, వచ్చింది. ఫుల్‌గా వచ్చింది.” మళ్ళీ విన్నది. తర్వాత, “నీ టాక్స్ ఎంత పెరిగింది నాన్నా?” అంది.

అవతల అతను నవ్వాడో ఏమన్నాడో నాకు వినిపించలేదు. దెబోరా గోడకి ఆనుకుని, పొయ్యి పైన ఇంకా అంటించే ఉన్న నా మూడు వాక్యాలను చూస్తూ నిలబడింది. ఎక్కువసేపేమీ మాట్లాడలేదు.

“ఏమన్నాడే?”

“ఆగస్ట్‌లో నేను వెళ్ళే బస్ ఎన్నింటికి అని అడిగాడు.”

“వస్తాడా?”

“అది చెప్పలేదు. టైమ్ మాత్రం అడిగాడు.”

బస్సు ఎన్నింటికో మాకూ ఇంకా తెలియదు. రేపు డిపోకి ఫోన్ చేసి కనుక్కోవాలి. దానికి రెండు దుప్పట్లు కొనాలి, కందిపొడి కొట్టివ్వాలి. బస్సు కదిలేటప్పుడు చెయ్యి ఊపాలా వద్దా అన్నది మాత్రం ఇంకా తేల్చుకోలేదు.