సన్నమెడ గిటారు

1988 వేసవిలో బాపట్లలో హైస్కూలు గుమాస్తా బర్నబాస్ గారి ఎడమచెయ్యి ఇంటి ఇనుపగేటులో పడి నలిగింది. గాయం మానింది కానీ ఉంగరం వేలు మళ్లీ ముడుచుకోలేదు. తెనాలి నుంచి రేపల్లె దాకా ఏ చర్చిలో సభలు జరిగినా ఆయన ఎలక్ట్రిక్ గిటారు మోగాల్సిందే. అలాంటి మనిషి దాన్ని పెట్టెలో పెట్టి తాళం వేశారని తెలిసి, కొలకలూరు టీచరు కృపమ్మ ఆదివారం ఆరాధన అవగానే తన గిటారు భుజాన వేసుకుని తెనాలిలో బాపట్ల రైలెక్కింది.

ఇద్దరివీ ఒకే జపాన్ కంపెనీ గిటార్లు. అదే ఎరుపు, అదే ఆకారం. ఆయనది అరవై నాలుగులో చేసింది, ఆమెది అరవై ఏడులో.

"వందనాలు బాబాయ్ గారూ. మీ గిటారు ఒకసారి తీయండి."

"ఇప్పుడెందుకమ్మా అది?"

"పోల్చి చూడాలండి."

ఆయన అయిష్టంగానే తీశారు. కృపమ్మ రెండూ ఆయన యాంప్లిఫయర్‌కి తగిలించి వాయించింది. ఆమె దానిలో ప్రతి తీగా విడివిడిగా, తేటగా పలికింది. ఆయనది మాత్రం మీటిన తర్వాత కూడా గది నిండా నిలిచింది.

"ఇంత నిండు గొంతు నాదానికి ఎప్పటికీ రాదండి. కానీ తీగలు నొక్కే ఈ మెడ చూడండి. మీది లావు. తర్వాత చేసినవాటికి సన్నం చేశారు. వేళ్లు అంతగా చాచక్కర్లేదు."

బర్నబాస్ గారు ఆమె గిటారు ఒళ్లోకి తీసుకుని మూడు వేళ్లతో తీగలు నొక్కారు. మొదట బరబరమంది. వేళ్లు సర్దుకుని మళ్లీ మీటారు. ఈసారి స్వరం శుభ్రంగా వచ్చింది. వంటింట్లోంచి ఆయన భార్య వరమ్మ గరిటెతో సహా వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

"ఇది మీరుంచుకోండి. మీది నాకివ్వండి," అంది కృపమ్మ.

"నీ చిన్న చేతికి ఆ లావు మెడ పట్టదు తల్లీ."

"పట్టేదాకా పడతానండి."

ఆయన గిటారు లావు మెడతో మూడు నెలలు ఆమె మణికట్టు నొప్పెట్టింది. అయినా వదల్లేదు.

జనవరిలో రేపల్లె సభల్లో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ముడవని వేలికి తగ్గట్టు ఆయన ప్రతి పాటనీ కొత్తగా మలుచుకున్నారు. అక్కర్లేని స్వరాలు రాలిపోయి, పాట మునుపటికన్నా అందంగా ఉంది. వింటూ కృపమ్మ తన వంతు వాయించడమే మరిచిపోయింది.

పెనుమూడి నుంచి వచ్చినవాళ్లు ఆ పాట మళ్లీ వాయించమన్నారు. ఆయన ఆమె వైపు తిరిగారు.

"ఈసారి నువ్వు ఎత్తుకో అమ్మా. నేను వెనక వస్తాను."