గొట్టం తిప్పే కర్ర

సంచిలో పెట్టినవన్నీ యూఫీమీ మళ్ళీ బయటికి తీస్తోంది. నేల మీద మోకాళ్ళ మీద కూర్చున్న సిల్వీనా, పిండి బస్తా గుడ్డతో కుట్టిన ఆ పాత సంచిలోకి చర్చి గౌను మడిచి తోసింది. మంచం అంచున కూర్చున్న అక్క వంగి దాన్ని లాగి ఒళ్ళో పెట్టుకుంది.

"ఇదెందుకే? నేను పోయేది గ్రెనడాకి, పరలోకానికి కాదు."

"ఉండనీ అక్కా. ఆదివారం నాడు ఏం వేసుకుంటావు?"

"ఆదివారానికి ఇక్కడే ఉంటాను. సాయంత్రంలోగా వాన పడదా ఏం?"

సిల్వీనా గౌను వదిలేసి, ఉడకబెట్టి ఆరేసిన పాత దుప్పటి పీలికలు చుట్టలు చుట్టి సంచి అడుగున పేర్చింది. వాటి మీద మందు డబ్బా, ఆ పైన వేయించిన మొక్కజొన్న పొడి పంచదార కలిపి కట్టిన పొట్లం.

క్రిస్మస్ వెళ్ళాక కారియకూ ద్వీపం మీద గట్టి వాన లేదు. ఇప్పుడు మే నెల సగం గడిచింది. ద్వీపంలో ఏరన్నది లేదు. రేకుల కప్పు మీద పడిన వానే ఇంటికి నీళ్ళు. ఇంటి వెనక సిమెంటు తొట్టి అడుగున జానెడు నీళ్ళు మిగిలాయి. దోమపిల్లల్ని తింటాయని వేసిన చేపలు రెండూ ఆ నీళ్ళలో పక్కకి వాలి ఈదుతున్నాయి.

"ఇంకో వారం ఇద్దరం తాగామంటే వాటికీ సంచి సర్దాలి నువ్వు," అంది యూఫీమీ.

తాగడానికైతే ఎలాగో సరిపెట్టుకునేవాళ్ళు. కాని యూఫీమీ ఎడమ కాలికి, చీలమండ పైన, పుండు లేచింది. పూటపూటా కాచిన నీళ్ళతో కడగమంది నర్సమ్మ. మొన్న కట్టు విప్పి చూసి ముఖం పక్కకి తిప్పుకుంది. "నీళ్ళున్న చోటికి పంపించు సిల్వీనా. ఈ పడవ తప్పిపోతే కాలు దక్కదు," అంది. గ్రెనడాలో, సెయింట్ జార్జ్‌లో ఉన్న మేనకోడలి ఇంట్లో కుళాయి ఉంది. పడవ నాలుగింటికి. ఆ లోపు వాన పడితే అక్క ఇంట్లోనే ఉంటుంది, పడకపోతే ఎక్కుతుంది. ఇద్దరూ అలా ఒప్పుకున్నారు.

"లే, గొట్టం సంగతి చూపిస్తాను," అంటూ యూఫీమీ కుంటుతూ పెరట్లోకి నడిచింది.

చూరు కింద రేకు కాలువ, దాని చివర మోచెయ్యిలా వంగిన గొట్టం. ఎండాకాలమంతా దాని మూతి పెరటి వైపే ఉంటుంది.

"కప్పు మీద ఎంత దుమ్ముందో, ఎంత పిట్టరెట్ట ఉందో! ముందు అదంతా కడుక్కుపోనీ. దోసిట్లో పట్టి చూడు. నీళ్ళు టీ రంగులో ఉన్నంతసేపూ బయటికే. తేటపడగానే తొట్టి వైపు తిప్పు. తొందరపడ్డావా, ఏడాదంతా రెట్టే తాగుతాం. ఆలస్యం చేశావా, వానంతా మిరపచెట్టు తాగుతుంది."

"తెలుసులే అక్కా."

"ఏం తెలుసు? ఏ వానకి నువ్వు ఇంట్లో ఉన్నావు గనక?"

నిజమే. వాన ఎప్పుడొచ్చినా సిల్వీనా పనిలో ఉండేది. గొట్టం తిప్పడం యూఫీమీ వంతు. ఆమె పొట్టిది, చెయ్యి అందదు. అందుకని జామ కొమ్మ విరిచి పంగల కర్ర చేసుకుంది. పట్టుకునే చోట అరచెయ్యి గీరుకోకుండా నీలం గుడ్డ చుట్టింది. ఆ నీలం ఇప్పుడు బూడిద రంగుకి దిగింది.

"నాకు కర్ర అక్కర్లేదు. చెయ్యి అందుతుంది."

"అందితే అందనీ. చేత్తో లాగితే అతుకు ఊడి వస్తుంది. కర్రతోనే తిప్పు."

సిల్వీనా పని చేసేది సముద్రపు ఒడ్డున ఉన్న మిస్ ఒలీవ్ అతిథి గృహంలో. అక్కడికి నీళ్ళు లారీలో వస్తాయి. మిస్ ఒలీవ్ చెడ్డది కాదు. రోజూ ఒక సీసా నీళ్ళు సిల్వీనా చేతిలో పెట్టేది. ఇన్నాళ్ళూ ఆ సీసాతోనే పుండు కడిగారు. ఒక సీసాకి లొంగే పుండు కాదది.

ఆ వారం హాల్డెన్ దంపతులు దిగారు. ఇసుక కాళ్ళు కడుక్కోవడానికి వరండా పక్కన కుళాయి ఉంది. ఆ రోజు పొద్దున సిల్వీనా పనిలోకి వచ్చి ఊడుస్తుంటే, హాల్డెన్ గారు కాళ్ళు కడుక్కుని, సముద్రాన్ని చూస్తూ, కట్టేయడం మరిచిపోయి లోపలికి వెళ్ళాడు. సిల్వీనా చీపురు పడేసి పరిగెత్తి కట్టేసింది.

హాల్డెనమ్మ టోపీ వెనక్కి తోసి తూర్పు వైపు చూపించింది. "సిల్వీనా, ఆ మబ్బు చూశావా? మాకు ఇదే చివరి రోజు. వాన పడదు కదా?"

అతిథులు అడిగితే పడదనే చెప్పాలని మిస్ ఒలీవ్ నేర్పిన మాట. ఇరవై ఏళ్ళుగా సిల్వీనా అలాగే చెబుతోంది.

"పడదమ్మా," అని, లోపలికి వెళ్ళి నాలుక కరుచుకుంది. ఈ ఒక్క రోజైనా ఆ మాట తన నోట రాకుండా ఉంటే బాగుండేదనుకుంది. మబ్బుకి వినపడిందేమోనని కిటికీలోంచి తొంగి చూసింది కూడా.

"ఏడాది పొడుగునా ఈ ఎండలో ఉంటారు. ఎంత అదృష్టం మీది!" అంది వెనకే గదిలోకి వచ్చిన హాల్డెనమ్మ. ఎరుపెక్కిన భుజాలకి నూనె రాసుకుంటోంది. "మా ఊళ్ళో ఏడు నెలలు ఆకాశం తడిగుడ్డలా వేలాడుతుంది తెలుసా? ఒకటే వాన."

సిల్వీనా మంచం మీద దుప్పటి లాగుతూ ఆగిపోయింది. ఏడు నెలల వాన! "మరి తొట్లు నిండిపోతే ఏం చేస్తారమ్మా?"

"తొట్లా? ఏం తొట్లు?" అని హాల్డెనమ్మ నవ్వింది. మంచి నవ్వే. సిల్వీనా కూడా నవ్వింది, ఎందుకో తెలియకుండానే.

మధ్యాహ్నం సిల్వీనా అతిథి గృహంలో ఉన్న దుప్పట్లన్నీ ఉతికి తీగ మీద ఆరేయడం మొదలుపెట్టింది. మిస్ ఒలీవ్ వంటింటి గుమ్మంలోకి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"రేపు వాళ్ళు వెళ్ళాక ఎలాగూ ఉతకాలి కదే. ఇవాళెందుకు?"

"ఎండ బాగుందిగా, మిస్ ఒలీవ్."

మిస్ ఒలీవ్ ఆకాశం వైపు చూసింది, దుప్పట్ల వైపు చూసింది. ఆమె కూడా ఈ ద్వీపంలో పుట్టినదే. ఎండ చూసి ఆరేసిన బట్టలకే వాన వస్తుందని ఆమెకీ తెలుసు. "పెద్దవి కూడా ఆరెయ్యి అయితే. ఆ మబ్బు ఆశపడేలా పరిచెయ్యి," అని లోపలికి వెళ్ళిపోయింది.

సిల్వీనా పొడుగ్గా, సన్నగా ఉంటుంది. చేతులు ఉతుకుడుతో ముడతలు పడి, వేళ్ళ చివర్లు తెల్లగా నానిపోయి ఉంటాయి. బట్ట ఏదైనా రెండు విసుర్లలో మడిచేస్తుంది. పదేళ్ళప్పుడు అమ్మ పోతే యూఫీమీయే పెంచింది. సంచులు సర్దడం మాత్రం చిన్నప్పటినుంచీ సిల్వీనా పని. నాన్న పని కోసం అరూబా వెళ్ళినప్పుడు సర్దింది. అన్నలు ఇంగ్లండు వెళ్ళినప్పుడు సర్దింది. పెళ్ళాడతానన్న లాంబర్ట్ చమురు ఓడ ఎక్కినప్పుడు అతని చొక్కాల బొత్తాలు కూడా కుట్టి సర్దింది. అందరూ వస్తామన్నారు. డబ్బు వచ్చింది, ఫొటోలు వచ్చాయి, లాంబర్ట్ పెళ్ళి కబురు వచ్చింది. ఎవరు వెళ్ళినా రేవు నుంచి ఇంటికి వస్తే వంటింట్లో యూఫీమీ ఉండేది. ఆమె సంచి ఒక్కటే సిల్వీనా ఇంతవరకూ సర్దలేదు.

చివరి దుప్పటి తగిలించేసరికి తూర్పున మబ్బు కొండ వెనక్కి జారిపోయింది.

నాలుగు కావస్తుంటే రేవు దగ్గర పడవలోకి మేకలు, ఖాళీ గ్యాస్ బండలు ఎక్కిస్తున్నారు. కెప్టెన్ పాట్రిస్ యూఫీమీ చెయ్యి పట్టుకుని పలక దాటించాడు.

"ఏం ఫీమమ్మా! చివరికి నా పడవ ఎక్కక తప్పలేదే. నీ బరువు మోస్తుందంటావా ఇది?"

"మేకల్ని మోసేది నన్ను మొయ్యదా? ముందు నీ బీరు సీసా అవతల పెట్టి నడుపు."

జనం నవ్వారు. యూఫీమీ మేకల పక్కన పెట్టె మీద కూర్చుని కట్టుకట్టిన కాలు చాపుకుంది. సంచి ఒళ్ళో పెట్టుకుంది. సిల్వీనాకి చెప్పాలని ఏదో ఉంది. పొట్లం తడవకుండా చూసుకోమని మాత్రం చెప్పింది. మోకు విప్పి పడవలోకి విసిరారు. పడవకీ రేవుకీ మధ్య మనిషి పొడుగు ఎడం ఏర్పడింది.

అప్పుడు గాలి చల్లబడింది. కొండ మీదనుంచి తడిమట్టి వాసన వచ్చింది. రేవులో అందరూ ఒక్కసారి తలలు తిప్పారు. కొండకి అవతల జారిందనుకున్న మబ్బు ఇవతలికి దిగి, వాన తెల్లటి తెరలా ఒక్కొక్క ఇంటినే కప్పేస్తూ వస్తోంది. వాళ్ళ ఇల్లున్న వాలు అప్పటికే కనిపించడం లేదు.

"అక్కా! దిగు! వానక్కా, దిగు!"

కెప్టెన్ పాట్రిస్ తల అడ్డంగా ఊపాడు. ప్రవాహం పడవని లాక్కుపోతోంది. యూఫీమీ లేచి నిలబడింది. సంచి కాళ్ళ దగ్గర పడింది. రెండు చేతులూ నోటికి ఇరుపక్కలా పెట్టుకుని అరిచింది.

"గొట్టం! అలా నిలబడ్డావేమే? గొట్టం తిప్పు! పరిగెత్తు!"

వినపడలేదేమోనని చెయ్యి పైకెత్తి, గాల్లోనే కర్ర పట్టుకున్నట్టు తిప్పి చూపించింది. సిల్వీనా వెనక్కి తిరిగి పరుగందుకుంది. చెయ్యి ఊపలేదు.

అతిథి గృహం ముందు దుప్పట్లు తడిసి నేలకి వేలాడుతున్నాయి. హాల్డెనమ్మ గొడుగు పట్టుకుని మెట్లు దిగి వచ్చింది. "అయ్యో, అంతా పాడైపోయిందే! తడిసిపోతున్నావు, ఇది తీసుకో!" నిజంగానే జాలిపడి ఇచ్చింది. గొడుగు తనకెందుకో సిల్వీనాకి అర్థం కాలేదు. ఆగకుండా కొండ ఎక్కింది. దారి పొడుగునా జనం బిందెలు, గిన్నెలు, చివరికి పసిపిల్ల స్నానపు టబ్బు కూడా గుమ్మాల్లో పెట్టి, తడుస్తూ నవ్వుతున్నారు.

పెరట్లో గొట్టం మిరపచెట్టు మీదికి గోధుమరంగు నీళ్ళు కక్కుతోంది. సిల్వీనా దోసిలి పట్టింది. టీ రంగు. పారబోసి మళ్ళీ పట్టింది. మళ్ళీ పారబోసింది. చివరికి దోసిట్లో తన అరచేతి గీతలు కనిపించాయి. చెయ్యి గొట్టం దాకా వెళ్ళి ఆగింది. గోడకి ఆనించిన పంగల కర్ర అందుకుని, నీలం గుడ్డ దగ్గర పట్టుకుని తిప్పింది. అడుగంటిన తొట్టిలో నీళ్ళు చప్పుడు చేస్తూ పడ్డాయి.

ఆ పెరట్లోంచి చూస్తే, వెళ్ళే పడవలు సముద్రంలోని రాతి దిబ్బ దాటేదాకా కనిపిస్తాయి. ఆ సాయంత్రం వాన అడ్డొచ్చింది.

తెల్లారి హాల్డెన్ దంపతులు సామాను సర్దుకున్నారు. "అంతా స్వర్గంలా ఉంది, నిన్నటి వాన ఒక్కటి తప్ప," అంది హాల్డెనమ్మ సిల్వీనాని కావలించుకుని. "మళ్ళీ ఏడాది తప్పకుండా వస్తాం."

తొట్టి నిండిందని సిల్వీనా కెప్టెన్ పాట్రిస్ చేత కబురు పంపింది. కాలు కొంచెం మానాక వస్తానని అక్క కబురు పంపింది. తర్వాత మేనకోడలి కాన్పు అయ్యాక అంది. తర్వాత సముద్రం నెమ్మదించాక అంది. పడవ వచ్చినప్పుడల్లా సిల్వీనా రేవుకి వెళ్ళి, దిగిన వాళ్ళందరినీ చూసి, పనికి వెళ్ళేది.

హాల్డెన్ దంపతులు అన్నట్టే మరుసటి ఏడు వచ్చారు. ఉన్నన్నాళ్ళూ ఎండ కాసింది. యూఫీమీ రాలేదు. వాళ్ళు రావడానికి ముందే, మార్చి నెలలో, సెయింట్ జార్జ్‌లో పోయింది, అక్కడే పూడ్చారు. తొట్టి పక్కన గోడకి పంగల కర్ర ఆనించి ఉంది, చుట్టిన గుడ్డ మీద అక్క పొట్టి వేళ్ళ జాడలతో.