రికా మోకాళ్ళు

మేమంతా రికా అని పిలిచే హెండ్రికా బోస్మా చాద్ దేశంలో ఇరవై ఏళ్ళకు పైగా నర్సుగా పనిచేసి, రెండు మోకాళ్ళూ అరగదీసుకుని మా ఊరికి తిరిగివచ్చింది. ఆమెను మిషనరీగా పంపింది మేమే, అంటే అమెరికాలో అయోవా రాష్ట్రంలోని మా చర్చి. కాదు, తామే పంపామని చికాగోలోని మిషన్ సంస్థ వాళ్ళు అంటారు. రెండూ నిజమే. ఆమె ఖర్చులో సగం మేము ఇచ్చేవాళ్ళం. మిగతా సగం సంస్థ వాళ్ళు వేరే చర్చిల దగ్గర పోగుచేసేవాళ్ళు. రికా కులాసాగా ఉన్నంత కాలం మా రెండు పక్షాలకూ ఏ పేచీ రాలేదు.

మోకాళ్ళు రెండూ మార్చాల్సిందేనన్నాడు డాక్టరు. విదేశంలో ఉన్నన్నాళ్ళు పనిచేసిన ఇన్సూరెన్సు ఆమె విమానం దిగగానే ఆగిపోయింది. దాంతో సంస్థ నుంచి లుండ్‌గ్రెన్ అనే డైరెక్టరు కారేసుకుని వచ్చాడు. ఆపరేషన్ ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న దాని మీద చర్చి కింది గదిలో సమావేశం. రికాను కుర్చీలో కూర్చోబెట్టారు. మిషన్ కమిటీ సభ్యురాలిగా నేనూ ఉన్నాను.

"రికా మీ ఇంటి బిడ్డండీ. బాప్తిస్మం పొందింది ఇక్కడే కదా!" అన్నాడు లుండ్‌గ్రెన్ ఎంతో ప్రేమగా.

"అయ్యో, మాకంత హక్కెక్కడిది? ఆమె మీ ఉద్యోగి," అన్నారు మా పాస్టర్ పోస్ట్‌మా గారు, ఇంకా ప్రేమగా.

"మా దగ్గర ఉద్యోగులుండరు పాస్టర్ గారూ. భాగస్వాములే."

"మోకాళ్ళు అరిగింది మీ ఆసుపత్రిలోనేగా?"

"ప్రార్థనలో అరిగాయేమో! అది చర్చి వ్యవహారం."

"నేనిక్కడే ఉన్నాను," అంది రికా.

అందరూ ఆమె వైపు జాలిగా చూసి, ఆమె కోసం ప్రార్థన చేశారు. పెద్ద ప్రార్థనే. అందరూ లేచి నిలబడ్డారు, ఆమె తప్ప.

ఆమెన్ అన్నాక లుండ్‌గ్రెన్ గొంతు సవరించుకున్నాడు. అక్టోబరులో దాతలకు విందు ఉందట, ముఖ్య వక్త రికాయేనట.

"అదెలా కుదురుతుంది? ఆ వారమే మా మిషన్ పండగ. మా రికా మా దగ్గరే మాట్లాడుతుంది," అన్నారు పాస్టర్ గారు.

"మా రికా పేరు చెప్పి అందరినీ పిలిచేశామండీ!"

అప్పటిదాకా ఎవరికీ చెందని మనిషి కోసం ఇద్దరూ గొంతులు పెంచారు. రికా పకపకా నవ్వింది.

"ఈ నోరు కావాలంటే మోకాళ్ళు కూడా తీసుకోవాలి. విడిగా ఇవ్వను," అంది.

ఇద్దరూ అది విననట్టే మళ్ళీ తేదీల మీద పడ్డారు. నాకు ఒళ్ళు మండింది.

"పోనీ, తలా ఒక మోకాలు పంచుకోండి!" అన్నాను.

నేనన్నది ఎత్తిపొడుపు. పాస్టర్ గారి ముఖం మాత్రం వెలిగిపోయింది. "నెల్వా, ఇది దేవుడు నీ చేత పలికించిన మాట!" అన్నారు. కుడి మోకాలు మాకూ, ఎడమది సంస్థకూ అని అక్కడికక్కడే తీర్మానించారు. విందును కూడా ఒక వారం తర్వాతకు మార్చారు.

ఆగస్టులో మా మోకాలు మార్చారు. వాళ్ళది మాత్రం ఒక కమిటీ నుంచి ఇంకో కమిటీకి నడుస్తూనే ఉంది. రికా కంటే అదే ఎక్కువ నడిచింది.

విందుకు ఆమెను నేనే కారులో తీసుకెళ్ళాను. "మా రికా!" అని లుండ్‌గ్రెన్ పరిచయం చేశాడు. ఆమె కర్ర ఊతంతో కుంటుకుంటూ వేదిక ఎక్కి, కుడి మోకాలు తట్టింది.

"ఇది మా ఊరి చర్చిది. బాగా పనిచేస్తోంది. ఈ ఎడమది మీది. ఎప్పుడిస్తారో మీ డైరెక్టరు గారిని అడుగుదామని వచ్చాను."

జనం ఘొల్లున నవ్వారు. ఆమె నవ్వడం లేదని గమనించి, ఒక్కొక్కరే లుండ్‌గ్రెన్ వైపు తిరిగారు. క్రిస్మస్ లోపే ఆ మోకాలూ వచ్చేసింది.

వసంతానికి రికా పక్క ఊళ్ళో వృద్ధుల ఆశ్రమంలో నర్సుగా చేరింది. పాస్టర్ గారికి మనసు కష్టమైంది.

"సేవ మానేశావా తల్లీ?"

"మానలేదండీ. ఇక్కడ నన్ను పెట్టుకున్నవాళ్ళు ఒక్కరే. ఒంట్లో బాగోకపోతే ఎవరికి చెప్పాలో తెలుసు. పంటి నొప్పికి కూడా వాళ్ళే చూస్తారట."

ఈసారి మంగోలియాకు కొత్త మిషనరీ జంటను పంపాలని మళ్ళీ సమావేశమయ్యాం. లుండ్‌గ్రెన్ కూడా వచ్చాడు.

"వీళ్ళకు జబ్బు చేస్తే ఎవరు చూస్తారు?" అని ముందే అడిగాను.

"శుభమా అని పంపుతుంటే ఆ మాటలేంటమ్మా!" అన్నారిద్దరూ ఏకకంఠంతో. చర్చీ సంస్థా అంత వెంటనే ఒక్క మాట మీదికి రావడం నేను చూడటం అదే మొదటిసారి.