రంగూన్ మేనత్త

మల్లీశ్వరి విజయవాడ స్టేషన్‌లో రైలు దిగేసరికి ఆమె చెంపలకు గంధంలాంటి పచ్చటి పూత ఉంది. ఒంటి మీద చీర లేదు. పూల లుంగీ, పొడుగు చేతుల రవిక. బుద్ధగయ యాత్రకని బర్మా నుంచి వచ్చి, తమ్ముడి బట్టల కొట్టు నంబరు ఎలాగో సంపాదించి ఫోను చేసి ఇటు బయలుదేరింది. అది 2003. స్టేషన్‌కు వచ్చిన తల్లి దానమ్మ ఆమెను చూసి దాదాపు నలభై ఏళ్ళు.

"తమీ!" అని గట్టిగా పిలిచింది దానమ్మ. బర్మా భాషలో కూతురా అని. భర్త అంకమ్మరావు బతికున్నంతకాలం ఆ భాష ఇంట్లో వినపడనివ్వలేదు.

పామర్రు దగ్గర మగ్గాల ఊరు అంకమ్మరావుది. రంగూన్ వెళ్ళి లుంగీల కొట్టు పెట్టాడు. పిల్లలిద్దరూ అక్కడే పుట్టారు. 1964లో అక్కడి ప్రభుత్వం కొట్లన్నీ స్వాధీనం చేసుకుంది. బతుకుతెరువు పోయి ఇండియా వాళ్ళు వేలమంది ఓడలెక్కారు. ఓడ దొరికేదాకా వీళ్ళను ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టినవాడు టిన్ మాంగ్ అనే బర్మా బడిపంతులు. అతన్నే పెళ్ళి చేసుకుంటానని మల్లీశ్వరి అక్కడే ఉండిపోయింది. "నాకు కూతురు లేదు," అని రేవులోనే తేల్చేశాడు అంకమ్మరావు. ఆ మాటకు దానమ్మ అప్పుడు ఎదురు చెప్పలేకపోయింది.

ఇప్పుడు కొడుకు దుర్గాప్రసాద్ తన కూతురు ఉష పెళ్ళి కోసం అదే దారి పట్టాడు.

"అమ్మా, రేపు ఉష నిశ్చితార్థం. నేనొక్కణ్ణే సంతానమని మగపెళ్ళివారికి చెప్పాను. అక్కని రేపొక్కపూట లాడ్జిలో ఉంచుదాం."

"ఆడపడుచు ఉండగా లేదని చెప్పావా? సిగ్గులేదట్రా?"

"బర్మావాడికిచ్చామంటే వాళ్ళు ఒప్పుకోరే!"

"మనం ఇవ్వలేదు. అదే వెళ్ళింది. అది కూడా చెబుతాను పద."

మర్నాడు బెంజ్ సర్కిల్ దగ్గర ఫంక్షన్ హాల్లోకి దానమ్మ కూతురి చెయ్యి పట్టుకునే అడుగుపెట్టింది. చీర కట్టుకోమని ఎవరెంత చెప్పినా కట్టనివ్వలేదు. తీసుకెళ్ళి ముందు వరసలో కూర్చోబెట్టింది.

పెళ్ళికొడుకు పెదనాన్న వెంకటకృష్ణారావు వచ్చి, "ఈవిడెవరండీ?" అన్నాడు.

"నా కూతురండీ. పెళ్ళికూతురికి మేనత్త. రంగూన్‌లో ఉంటుంది, దాని మొగుడు బర్మా ఆయన."

హాలంతా గుసగుసలు రేగాయి. వెంకటకృష్ణారావు ముఖం ముడుచుకుంది.

"మనవాళ్ళని కట్టుబట్టలతో తరిమిన దేశంతో వియ్యమా అండీ?"

"తరిమింది సర్కారండీ. నా చెవుల కమ్మలు కూడా రేవులో తీయించుకున్నారు, నాకు తెలీదా? కానీ మా పిల్లలకి అన్నం పెట్టింది కూడా ఆ దేశంవాడే. మీరు ఎవరి లెక్క ఎవరి మీద రాస్తారు?"

"ఈ సంగతి మా దగ్గర దాచారు," అన్నాడాయన.

"దాచింది తప్పే. అందుకే చెబుతున్నాను."

"అయితే ఈవిడ పక్కకి వెళ్తేనే తాంబూలాలు."

మల్లీశ్వరి లేవబోయింది. దానమ్మ ఆమె భుజం నొక్కి కూర్చోబెట్టింది. ఆ నిమిషానే పీటల మీది నుంచి ఉష లేచింది.

"అత్త లేకుండా నేను కూర్చోనండీ. మీ ఇష్టం."

మగపెళ్ళివారు వెళ్ళిపోయారు. పెళ్ళికొడుకు గుమ్మం దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు గానీ ఆగలేదు. దుర్గాప్రసాద్ కుర్చీలో కూలబడి, "చాలా, అమ్మా? నీ పంతం నెగ్గిందా?" అన్నాడు.

"దీన్ని పోగొట్టుకుని ఇన్నేళ్ళు నోరు మూసుకున్నాను. అది చాలు," అంది దానమ్మ. తర్వాత వంటవాళ్ళ వైపు తిరిగింది. "విస్తళ్ళు వేయండి. మావాళ్ళకి ఆకలేస్తోంది."

మల్లీశ్వరి పక్కన ఉష కూర్చుంది. కాసేపటికి తక్కిన బంధువులు ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. దుర్గాప్రసాద్ మాత్రం ఆ పూట తినలేదు, చాలాకాలం తల్లితో సరిగా మాట్లాడనూ లేదు.

చలికాలంలో దానమ్మ మనవరాలు ఉషను వెంటబెట్టుకుని రంగూన్ విమానం ఎక్కింది. అల్లుడు టిన్ మాంగ్‌ను ఆమె చూసి కూడా దాదాపు నలభై ఏళ్ళే. ముసలాయన అరుగు మీద కూర్చుని ఉంటే, ఆమె తిన్నగా వెళ్ళి ఆయన చేతులు పట్టుకుంది.